కుంట మీద గ్లోబల్ క్లాస్‌రూమ్

మా బడి గేటుకు కట్టిన ఫ్లెక్సీలో భూగోళం కన్నా మా కరస్పాండెంట్ సారు తల పెద్దది. ఆయన భుజం పక్కన భూగోళం, పెళ్లిలో ఎవరో చేతిలో పెట్టిన కొబ్బరికాయలా ఉంది. పైన 'గ్లోబల్ క్లాస్‌రూమ్' అని, కింద 'ప్రపంచమే మన బడి' అని రాసి పక్కన రెండు జెండాలు వేశారు. ఒకటి మనది. రెండోది పోలండు వాళ్లదని వేసింది. పోలండు జెండాలో తెలుపు పైన ఉంటుంది, ఎరుపు కింద ఉంటుంది. మేడ్చల్‌లో ఫ్లెక్సీ కొట్టినవాడు ఎరుపును పైకెక్కించాడు. అది ఇండోనేషియా జెండా. ఆ మాటే ప్రిన్సిపాల్‌తో చెప్పాను.

"ఇప్పుడు మళ్ల కొట్టిపిస్తే లేటయితది మేడం. గంత దూరం కెల్లి వాళ్లకు ఏం కనవడ్తది?" అన్నాడు.

నేను సోషల్ టీచర్ని. జుట్టు నెరిసేదాకా ఇదే పని చేశాను. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, వెంచర్ల రాళ్ల మధ్య మా బడి. దాని పేరు చెప్పను. చెప్పినా మీరు పోల్చుకోలేరు, ఆ రోడ్డు మీద బడులన్నిటి పేర్లూ అటూ ఇటూగా ఒకటే. ముందు ఒక దేవుడు, వెనక 'టెక్నో', దాని వెనక 'ఇంటర్నేషనల్'. ఆ మూడో మాటకు సాక్ష్యంగా మా బడిలో ఉన్నదల్లా పిల్లల మెడకు కట్టే టై.

కరోనా రోజుల్లో నేను నల్లటి డబ్బాలకు ఫ్రెంచి విప్లవం చెప్పాను. ఒక్కో డబ్బా వెనక ఒక పిల్లవాడు ఉన్నట్టు అనుకోవాలి. రాజు తల తెగే చోటికి వచ్చేసరికి ఎవరింట్లోనో కుక్కర్ కూసింది, "గ్యాస్ బంజెయ్" అని ఓ గొంతు అరిచింది. కరోనా పోయింది కానీ ఆ రోగం పోలేదు. ఇప్పుడు ప్రతి గదిలో తలుపంత టీవీ ఉంది. దాంట్లో ఏదో కంపెనీ అమ్మిన చరిత్ర ఆడుతుంది. అక్బరు బొమ్మ నవ్వుకుంటూ వస్తాడు, నాలుగు మంచి పనులు చేస్తాడు, పోతాడు. చివర ప్రశ్న వస్తుంది: అక్బరు గొప్పవాడా? అవునంటే ఆకుపచ్చ మీట నొక్కాలి. నొక్కితే చప్పట్లు వినిపిస్తాయి. చరిత్ర అయిపోయింది. ఆ పీరియడ్లో నా పని, టీవీ రిమోటు పోకుండా చూడటం.

ఇంత తిట్టినా నేను ఆ టీవీకి శత్రువును కాను. దానిలో ఒక్కటంటే ఒక్కటి నాకు పనికొచ్చింది. ఆకాశం మీంచి తీసిన ఫోటోలు చూపించే మ్యాపు. దాని పైన ఒక గీత, గీత మీద ఒక బిళ్ల ఉంటాయి. ఆ బిళ్లను ఎడమ చేతి వైపు జరుపుతూ పోతే అదే చోటు ఏళ్ల కిందట ఎలా ఉండేదో కనబడుతుంది. రోడ్లు మాయమవుతాయి, ఇళ్లు మాయమవుతాయి, పొలాలు తిరిగొస్తాయి. చరిత్ర పాఠానికి అంతకన్నా ఏం కావాలి? కంపెనీ వాడి అక్బరు దాని కాలి గోటికి చాలడు.

లోకంలోని టీచర్లు ఒకరినొకరు వెతుక్కునే సైటు ఒకటుంది. పెళ్లి సంబంధాల సైటు లాంటిదే, గోత్రం అడగరు అంతే. అందులో నాకు పోలండు నుంచి ఒక టీచరమ్మ దొరికింది. చిన్న ఊరు, చిన్న బడి, ఆమెదీ చరిత్రే. ఆమె ఇంగ్లిషు కూడా నా ఇంగ్లిషు లాగే, నేర్చుకుని మాట్లాడేది. అందుకే మాకు బాగా కుదిరింది. ఇద్దరం కలిసి ఒకే ప్రశ్న పెట్టుకున్నాం. "మీ బడి కట్టకముందు ఆ నేల మీద ఏముండేది?" ఆ పిల్లలు వాళ్లది వెతకాలి, మా పిల్లలు మాది వెతకాలి. ఎవరి బడి ఎక్కడుందో మ్యాపులో ఒకరికొకరు గుర్తు పంపుకోవాలి, అవతలివాళ్ల నేలను కూడా చూడాలి. తర్వాత టీవీలో కలుసుకుని చెప్పుకోవాలి.

కరస్పాండెంట్ సారు దగ్గరికి కాగితం తీసుకెళ్తే ఆయన 'పోలండు' అన్న మాట దాకా చదివాడు. ఈ సారు ఇదివరకు వ్యవసాయదారుడు, తర్వాత ప్లాట్ల వ్యాపారి, ఇప్పుడు విద్యావేత్త, వచ్చే ఎన్నికల నాటికి ఏమవుతాడో ఆయనకే తెలియాలి.

"ఫారిన్ పిల్లలా? మస్తుంటది మేడం. అడ్మిషన్ల టైముకు వెట్టుండ్రి," అన్నాడు.

అలా మా చరిత్ర పాఠం జూన్ నెల అడ్మిషన్లకు ముడిపడింది.

పని మొదలుపెట్టింది తొమ్మిదో తరగతి బీ సెక్షన్‌తో. ఏ సెక్షన్‌కు ఏసీ ఉంటుంది, బీ సెక్షన్‌కు ఫ్యాన్లు ఉంటాయి. నాకు బీ సెక్షనే ఇష్టం, వాళ్లకు బట్టీ పట్టే ఓపిక తక్కువ. మొదటి రోజు టీవీలో మ్యాపు తెరిస్తే పిల్లలంతా ఎవరిల్లు వాళ్లు వెతుక్కున్నారు. అలియాబాద్ వైపు నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉంది. పొడుగ్గా, ఎప్పుడూ ఎవరితోనో తగువుకు దిగడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడుతుంది. ఆమె చెయ్యెత్తింది.

"మేడం, మా కుంట ఏడుంటది?"

క్లాసు నవ్వింది. దానికో కారణం ఉంది. ఆ పిల్ల ఇంటివాళ్లను ఊళ్లో నీరటోళ్లు అంటారు. నీరటి అంటే చెరువు తూము తెరిచి, ఎవరి మడికెంత నీళ్లో అంత వదిలే మనిషి. ఆమె తాత ఆ పని చేశాడు. కోతల నాడు ప్రతి రైతూ ఆయనకు కల్లంలో ఇన్ని వడ్లు కొలిచేవాడు. తాత పోయాడు, కుంట అంతకు ముందే పోయింది, పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ ఇంటివాళ్లు తాగే నీళ్లు ప్లాస్టిక్ క్యానులో వస్తాయి. "నీరటోళ్లు గూడ క్యాన్ కొంటున్నరే!" అని పిల్లలు ఏడిపించేవాళ్లు. అక్కడో కుంట ఉండేదని ఆమె అంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఎక్కడని చూపిస్తుంది? ఊరి ముందు కనబడేవన్నీ ప్లాట్ల రాళ్లు.

నేను బిళ్లను వెనక్కి జరిపాను. మా బడి ఆటస్థలం పోయింది. బస్సులు నిలిపే చోటు పోయింది. ఇంకొంచెం జరిపితే బడి కప్పు పోయింది, తెల్లటి గళ్లు మిగిలాయి. అవి ప్లాట్లు. ఇంకొంచెం జరిపితే గళ్లు పోయి ఎర్రమట్టి వచ్చింది. ఇంకొంచెం జరిపాను. నీళ్లు.

చింతగింజ ఆకారంలో, ఒక పక్కన వంపు తిరిగిన కట్టతో, కట్ట కింద ఆకుపచ్చటి మళ్లతో ఉంది కుంట. సరిగ్గా మేం కూర్చున్న చోట.

ఆ పిల్ల లేచి టీవీ దగ్గరకు నడిచింది. కట్ట మధ్యలో ఒక చోట వేలు పెట్టింది. "గీడ తూము ఉండె. మా తాత గీడ నిలవడ్తుండె," అంది. తర్వాత వెనక్కి తిరిగి క్లాసును చూసింది. ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి నేను సంపాదించలేని నిశ్శబ్దాన్ని ఆమె ఒక్క వేలితో సంపాదించింది. నాకు చాలా సంతోషమైంది, దాచుకోవలసిన పనేముంది?

ఆ రోజు నుంచి ఆ పిల్ల ఈ ప్రాజెక్టుకు అతుక్కుపోయింది. ఊళ్లో ముసలివాళ్లను అడిగింది. తూముకు ఏ కర్ర వాడేవాళ్లు, ఏ మడికి ముందు నీళ్లు పోయేవి, వానాకాలం కట్ట తెగబోతే ఎవరెవరు మట్టి మోసేవాళ్లు, అన్నీ ఇంగ్లిషులో రాసుకుంది. అద్దం ముందు చదువుకుంటోందని వాళ్లమ్మ నాతో చెప్పింది. పోలండు పిల్లల ముందు తాత పేరు చెప్పాలని ఆమె పంతం. పోలండు వాళ్లు నమ్మితే ఊరు నమ్ముతుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పని చెప్పలేను. మన దగ్గర ఏదైనా విదేశం చుట్టి వస్తేనే నిజమవుతుంది.

అంతా బాగుందనుకున్నాను. రిహార్సల్ రోజున కరస్పాండెంట్ సారు వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్ల మొదటి ఫోటో చూపించింది, రెండోది చూపించింది. నీళ్ల ఫోటో రాగానే సారు చేతిలో ఛాయ్ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"గీ కుంట ఏంది మేడం?"

"మన బడి కింద ఉన్నది సార్."

"ఎవలన్నరు?"

"ఫోటో అంటాంది సార్."

అవి చెరువులు, కుంటల మీద కట్టినవాటిని సర్కారు కూలగొడుతున్న రోజులు. పొద్దున్నే జేసీబీలు ఎవరి గేటు ముందుకొస్తాయో తెలియక మా చుట్టుపక్కల పెద్దమనుషులందరికీ నిద్ర పట్టడం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సారు చుట్టూ చూశాడు. పిల్లలను బయటికి పంపించి తలుపు వేయించాడు.

"మేడం, మీకు దండం వెడ్త. కుంట వద్దు, గింట వద్దు. కోట అని చెప్పుండ్రి."

"ఏ కోట సార్?"

"ఏదో ఒక కోట. ఎన్క గుట్ట మీద పాత రాళ్లున్నయి గద. కాకతీయుల కాలంనాటిదని చెప్పుండ్రి. ఫారినోళ్లకు కోటలంటే మస్తు ఇష్టం."

ఆ రాళ్లు ఆయన పాత క్వారీలో మిగిలినవి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "లేని కోటను నేను చెప్పను సార్," అన్నాను.

"మీరు చెప్పొద్దు మేడం. నా మనుమరాలు చెప్తది," అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

మనుమరాలు ఏసీ ఉన్న ఏ సెక్షన్. మంచి పిల్లే, ఆమెను అనను. ప్రిన్సిపాల్ కూర్చుని కోట మీద ఇంగ్లిషులో ఒక పేజీ రాశాడు, పోలండుకు కూడా ముందే పంపించాడు. పోలండు పిల్లలు ఏం అడుగుతారో ఆయనే ఊహించి, ఆ ప్రశ్నలకు జవాబులు కూడా ఆయనే రాశాడు. మొదటి ప్రశ్నకు మొదటి జవాబు, రెండో ప్రశ్నకు రెండో జవాబు. మనుమరాలు అన్నీ వరసగా బట్టీ పట్టింది. లైవ్ కార్యక్రమానికి ప్రశ్నాపత్రం ముందే లీకు చేసిన ఘనత మా బడిదే. నీరటోళ్ల పిల్లను మాత్రం ఆఖరి వరసలో కూర్చోబెట్టమని ఆర్డరు వేశారు. ఆ మాట నేనే ఆమెకు చెప్పాల్సి వచ్చింది.

"నా ఇంగ్లిష్ మంచిగ లేదా మేడం?" అని అడిగింది.

"నీ ఇంగ్లిష్‌కేం తక్కువ లేదు. నీ కుంటనే ఎక్కువయింది," అన్నాను. కోపంతో ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పోలండులో పొద్దున, మనకు మధ్యాహ్నం. ముందు వరసలో సోఫాలు వేశారు, సారు చుట్టాలు, ఊరి పెద్దలు కూర్చున్నారు. పిల్లలు వెనకాల నేల మీద కూర్చున్నారు. ఇది ఎవరి పాఠమో ఆ సోఫాలే చెబుతున్నాయి. టీవీలో పోలండు టీచరమ్మ ముఖం ప్రత్యక్షమైంది. ఆమె నవ్వి "నమస్తే" అంది. పాపం, నేర్చుకుని వచ్చింది.

ఇక మనవాళ్ల మర్యాదలు మొదలయ్యాయి. జ్యోతి వెలిగించారు. తర్వాత అతిథి సన్మానం. అతిథి వేల మైళ్ల దూరంలో ఉంటే సన్మానం ఎలా చేయాలన్న చిక్కు ప్రపంచంలో ఇంకెవరికైనా వచ్చిందో లేదో నాకు తెలియదు. మా ప్రిన్సిపాల్ దాన్ని చిటికెలో తీర్చాడు. టీవీకి బొట్టు పెట్టాడు. బంతిపూల దండ తెచ్చి టీవీకి వేశాడు. దండ మధ్యలో పోలండు టీచరమ్మ ముఖం.

మా ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, బతికున్న మనిషి ఫోటోకు దండేసిండ్రేంది? పాపం, పిల్లల తల్లి ఉన్నట్టుంది!" అని గొణిగింది. నిజమే. ఆ కాస్త బుద్ధి ముందు వరసలో ఎవరికీ పుట్టలేదు.

టీచరమ్మకు ఇదేం తెలుసు? దండ చూసి సంబరపడింది. అప్పుడు సారు లేచి శాలువా విప్పి టీవీ నెత్తిన కప్పాడు. కెమెరా ఆ నెత్తినే ఉంది. "మాకేమీ కనబడటం లేదు," అంది అవతలి గొంతు. సారుకు అది వినబడలేదు. మైకు తీసుకుని విశ్వమానవ సౌభ్రాతృత్వం గురించి మొదలుపెట్టాడు. కెమెరా మీద శాలువా, శాలువా ముందు సారు. పోలండు పిల్లలు గుడ్డలో నుంచి తెలంగాణ ఉపన్యాసం విన్నారు. నేను లేచి వెళ్లి శాలువా తీస్తే సారు నన్ను కొరకొరా చూశాడు. సన్మానం మధ్యలో శాలువా లాక్కోవడం మర్యాద కాదట.

ఎట్టకేలకు పోలండు పిల్లల వంతు వచ్చింది. ఇద్దరు లేచి నిలబడ్డారు. వాళ్లు చెప్పింది తెలుగులో చెబితే ఇంతే. మా బడి ఉన్న చోట ఇదివరకు కొన్ని ఇళ్లుండేవి. ఆ ఇళ్లలో యూదులుండేవాళ్లు. యుద్ధంలో వాళ్లను తీసుకెళ్లారు. ఎవరూ తిరిగి రాలేదు. తర్వాత ఆ చోటు ఖాళీగా ఉంటే బడి కట్టారు. ఇది మా ఊళ్లో చాలామంది మాట్లాడరు. మేము మాట్లాడాలనుకున్నాం.

మా ప్రిన్సిపాల్ మైకందుకుని, "వండర్‌ఫుల్! పిల్లలూ, గట్టిగ చప్పట్లు!" అన్నాడు. హాలంతా చప్పట్లు. సారు కూడా కొట్టాడు. టీవీలో ఆ ఇద్దరు పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. మా వాళ్లు ఖండాలు దాటి వెళ్లింది ఎదుటివాడి చావుకు చప్పట్లు కొట్టడానికి. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

తర్వాత మనుమరాలు లేచి కోట చెప్పింది. కాకతీయులు, బురుజులు, ఏనుగులు, సొరంగం. తడబడకుండా చెప్పింది. ముందు వరస మురిసిపోయింది.

అప్పుడు టీచరమ్మ పక్క నుంచి ఓ పోలండు పిల్ల ముందుకొచ్చింది. కళ్లద్దాలు, రెండు జడలు. "మీ గుర్తు, కోట పేజీ మాకు ముందే పంపారు కదా, మేము మీ నేలను చూశాం," అంది. "కోట కోసం చాలా వెతికాం. మాకు కోట దొరకలేదు. కానీ నీళ్లు దొరికాయి. చూపించమంటారా?"

అడుగుతూనే ఆ పిల్ల మీట నొక్కింది. బంతిపూల దండ మధ్యలో మా బడి ప్రత్యక్షమైంది. బిళ్ల వెనక్కి జరిగింది. ఆటస్థలం పోయింది, కప్పు పోయింది, గళ్లు పోయాయి. హాలు నిండా ఊరి పెద్దలు చూస్తుండగా కుంట వచ్చి కూర్చుంది.

"ఈ నీళ్లు ఎక్కడికి పోయాయి?" అని అడిగింది ఆ పిల్ల. ఎగతాళి లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది.

ప్రిన్సిపాల్ ఊహించిన ప్రశ్నల్లో ఇది లేదు. మనుమరాలు ఏం చేస్తుంది? తన వరసలో తర్వాతి జవాబు చెప్పేసింది. "ప్రశ్నకు ధన్యవాదాలు. మా బడిలో స్విమ్మింగ్ పూల్, ఆర్వో ప్లాంటు ఉన్నాయి." పోలండు పిల్లలు తలలూపి రాసుకున్నారు. ఒక చెరువు ఎలా ఈతకొలను అవుతుందో వాళ్లకు ఆ రోజు తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ జవాబులో పెద్ద తప్పేమీ లేదు.

వెనక వరసలో ఎవరో లేచిన చప్పుడయింది. నీరటోళ్ల పిల్ల. మైకు లేదు, అందుకని ఇంగ్లిషులోనే అరిచింది. "మీరు చూసింది కరెక్ట్. అది మా ఊరి కుంట. నీళ్లు ఎక్కడికీ పోలేదు, పూడ్చేశారు. తూము మా తాత తెరిచేవాడు. మా తాత పేరు..."

పేరు పూర్తి కాలేదు. సారు వేలు చూపించాడు, ఎవరో వైరు పీకారు. టీవీ నల్లబడింది, దండ వేలాడుతూ ఉంది. "నెట్ పోయింది," అన్నాడు ప్రిన్సిపాల్ మైకులో. "ప్రోగ్రాం గ్రాండ్ సక్సెస్." ఊరి పెద్దలకు సమోసాలు పంచారు.

మర్నాడు సారు నన్ను పిలిపించాడు. తిడతాడనుకున్నాను. ఆయన చాలా మెత్తగా మాట్లాడాడు.

"మేడం, గా మ్యాపోని ఆఫీసు ఏడుంటది? హైటెక్ సిటీలనా?"

"ఎందుకు సార్?"

"గా పాత ఫోటోలు జర తీయించాలె. కొత్తయి ఉండనీ, మంచిగున్నయి. పాతయే పరేషాన్. గాడ మనోడు ఎవడన్న ఉంటడా?"

ఆయన వేళాకోళం ఆడటం లేదు. ఆయన బతుకంతా కాగితాలు మార్పించుకుంటూ వచ్చింది. కుంటను పొలమని, పొలాన్ని ప్లాటని, ప్లాటును బడి అని ఏ ఆఫీసులో ఎవరిని పట్టుకుంటే రాస్తారో ఆయనకు కంఠతా వచ్చు. ఆకాశంలో మాత్రం ఒక గుమాస్తా ఉండడా అని ఆయన ధీమా. "కనుక్కుంట సార్," అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని కడుపుబ్బా నవ్వాను. చాలా రోజుల తర్వాత అంత నవ్వు.

ఆ నవ్వుతోనే సాయంత్రం బస్సుల దగ్గరికి వెళ్లాను. నీరటోళ్ల పిల్ల తండ్రి మా బడి బస్సు డ్రైవరే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, అద్దాలు మెరిసేలా తుడుచుకుంటాడు. నన్ను చూసి బస్సు దిగి వచ్చాడు. కూతురు బస్సు మెట్టు మీద బ్యాగు పెట్టి నిలబడి ఉంది. మిగతా పిల్లలు ఇంకా రాలేదు.

"మేడం, మా పిల్లను గీ ప్రాజెక్టులల్ల కెల్లి తీసెయ్యుండ్రి," అన్నాడు.

నాకు మండింది. సారు బెదిరించాడు, వీడు వణికాడు అనుకున్నాను. "ఎందుకు తియ్యాలె? నీ బిడ్డ ఏం తప్పు చేసింది? నీ కన్నతండ్రి పేరు చెప్పవోయింది. నౌకరీ కోసం గా పేరు గూడ మింగుతవా? జర సిగ్గుండాలె," అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. "సారు భయం గాదు మేడం. సారు నన్నేమన్లే." బస్సు టైరుకంటిన మట్టిని చెప్పుతో రాల్చాడు. "గా కుంటల మొదటి ట్రిప్పు మొరం మట్టి వోసింది నేనే. అప్పుడు సారు దగ్గర టిప్పర్ నడిపేటోన్ని. తూము కాడికెల్లి షురూ జెయ్యమన్నరు. తూము మూస్తె ఇగ కుంట కాదని రాయొచ్చట."

నా కోపం ఇంకా అలాగే ఉంది, ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

పిల్ల మెట్టు దిగి వచ్చింది. తండ్రికి ఎదురుగా నిలబడింది.

"గప్పుడు తాత ఏడుండె నాయినా?"

"కట్ట మీద కూసున్నడు."

"నిన్ను ఏమన్లేదా?"

"అన్నడు." ఆయన భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "గాడ నేల మెత్తగుంటది కొడుకా, బండి దిగవడ్తది, జర ఇవుతలికెల్లి తీస్కో అన్నడు. బండి ఎన్కకొచ్చి నిలవడి, రానీ... రానీ... అనుకుంట చెయ్యి ఊపి ఆయినే సైడ్ జెప్పిండు బిడ్డా."